మేయర్ని మింగిన అన్నదమ్ములు

అమెరికాలో పైన్‌వెల్ అని ఒక ఊరుందనుకోండి. ఆ ఊళ్ళో గవర్రాజు, అతని తమ్ముడు సూరిబాబు, గవర్రాజు పెళ్ళాం తాయారు కలిసి పెసరట్ల కొట్టు నడుపుకుంటున్నారు. పెసరట్టు బ్రహ్మాండంగా వేస్తారు, అందులో అనుమానం లేదు. చిక్కంతా మిగతా పనుల్లోనే. ఏం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తారు. వెంట్రుకవాసి ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. పైగా దానికో గర్వం.

"ఈ ఊళ్ళో తెలివైన కొంప ఏదన్నా ఉందంటే మనదేనే" అంటాడు గవర్రాజు.

"మరే. మనకి ఒక్కసారి చెబితే చాలు" అంటుంది తాయారు.

వీళ్ళ ప్రాణానికి ఓ గండం వచ్చిపడింది. ఆ ఊరి మేయరు బార్నీ క్రంప్ అని ఒకాయన. మళ్ళీ నెగ్గితే ఆ కొట్టు పడగొట్టించి, కార్లు నిలిపే స్థలం చేయిస్తానని ఊరంతా చాటాడు. ముగ్గురికీ తిండి మానేసినంత దిగులు పట్టుకుంది. అప్పుడు బళ్ళో లెక్కలు చెప్పే వకుళ మేయరు పోటీకి నిలబడింది. కొట్టు జోలికి ఎవర్నీ రానివ్వనని మాటిచ్చింది. మంచి పిల్ల. కానీ ఏం చేస్తాం, ప్రచారానికి ఈ ముగ్గుర్నీ పెట్టుకుంది.

మొదటి రోజు పొద్దున్నే పిలిచి, "బాబాయ్ గారూ, మన పేటలో ఒక్క తలుపు కూడా వదలకుండా తట్టి రండి" అంది.

అంతే. ముగ్గురూ బయల్దేరారు. వీధి తలుపు తట్టారు, పెరటి తలుపు తట్టారు, కార్ల షెడ్డు తలుపు తట్టారు. ఒకాయన కార్లో కూర్చుని కాఫీ తాగుతుంటే కారు తలుపులు నాలుగూ తట్టారు. కుక్కగూటికీ ఓ బుల్లి తలుపుంటే సూరిబాబు వంగి మరీ తట్టాడు, కరిపించుకున్నాడు. తట్టడం, పక్కకి పోవడం. జనం తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు. పొయ్యి మీద గిన్నెలు మాడ్చుకున్నవాళ్ళు కొందరు, స్నానం మధ్యలో సబ్బు మొహంతో పరిగెత్తుకొచ్చిన వాళ్ళు కొందరు. సాయంత్రానికల్లా పేటంతా వకుళ మీద మండిపడింది.

"అదేంటి బాబాయ్, తలుపు తీశాక మాట్లాడొద్దా?" అంది వకుళ.

"తట్టి రమ్మన్నావమ్మా. తట్టి వచ్చాం" అన్నాడు గవర్రాజు.

పాపం ఆ పిల్ల ఓపిగ్గా, "రేపు మళ్ళీ వెళ్ళండి. తలుపు తీసేదాకా నిలబడి, నా పేరు చెప్పండి. పేరు జనం నోట్లో నానాలి" అని చెప్పి పంపింది.

ఇంకేముంది. మర్నాడు ప్రతి గుమ్మం ముందూ నిలబడ్డారు. తలుపు తీయగానే "వకుళ" అన్నారు. అని ఊరుకున్నారు. ఎదుటివాళ్ళు "ఏంటి?" అంటే, మళ్ళీ "వకుళ" అన్నారు. కొట్టు దిగులుతో తిండి లేని మొహాలాయె, చూసినవాళ్ళకి జాలేసింది. పాపం వీళ్ళ పెంపుడు పిల్లి తప్పిపోయినట్టుంది అనుకున్నారు. ఒకావిడ చెప్పులేసుకుని వెతకడానికి బయల్దేరింది. ఆవిణ్ణి చూసి పక్కింటాయన. మధ్యాహ్నానికి పేటలో సగం మంది పొదల్లోకి దూరి "వకుళా, వకుళా" అని పిలుస్తున్నారు. మన ముగ్గురికీ ఒకటే సంబరం.

"చూశావా అన్నయ్యా, పేరు ఎలా నానిపోతోందో" అన్నాడు సూరిబాబు.

ఆ మర్నాడు టౌన్ హాల్లో వకుళకీ క్రంప్‌కీ మధ్య చర్చ. హాలు కిటకిటలాడుతోంది. వకుళ చక్కగా మాట్లాడుతోంది, జనం తలలూపుతున్నారు. ఇంతలో ఒక ముసలావిడ ఒళ్ళంతా రక్కులతో వేదిక ఎక్కి, బూడిదరంగు గండుపిల్లిని వకుళ చేతిలో పెట్టింది. "ఇదిగోనమ్మా, మీవాళ్ళు వెతుకుతున్న వకుళ దొరికింది. వెధవముండ, ఒక పట్టాన చిక్కలేదు" అంది. జనం కుర్చీల్లోంచి కిందపడి నవ్వారు. క్రంప్ అయితే కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

అయినా వకుళ ఆ ముగ్గుర్నీ ఒక్క మాట అనలేదు. వాళ్ళ కొట్టు కోసమే కదా వాళ్ళ తాపత్రయం అనుకుంది. నాకైతే అక్కడే ఒళ్ళు మండేది.

ఓటు కాగితాలు ఇళ్ళకే పోస్టులో వచ్చాయి. వకుళ వచ్చి, "బాబాయ్, ఓటు రహస్యం. ఎవరికేశారో మూడో కంటికి తెలియకూడదు" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

ముగ్గురూ తలో గదిలోకి వెళ్ళి, దుప్పటి కప్పుకుని గుర్తు పెట్టి, కవర్లు అంటించారు.

"ఇవి పోస్టులో వేస్తే ఏం చేస్తారు?" అంది తాయారు.

"ఆఫీసులో విప్పి లెక్కపెడతారు" అన్నాడు గవర్రాజు.

"విప్పి చూశాక ఇంకేం రహస్యమయ్యా?"

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వామ్మో, ఎంత ప్రమాదం తప్పింది అనుకున్నారు. అంతే, మూడు కవర్లూ బియ్యం డబ్బా అడుగుకి చేరాయి.

లెక్కింపు అయింది. క్రంప్‌కి ఎన్ని ఓట్లో వకుళకీ సరిగ్గా అన్నే. ఒక్కటి అటూ లేదు, ఇటూ లేదు.

"మీ మూడూ పంపారు కదా బాబాయ్?" అంది వకుళ నీరసంగా.

"పంపితే చించి చూస్తారటమ్మా. దిగులుపడకు, బియ్యంలో భద్రంగా ఉన్నాయి" అన్నాడు గవర్రాజు. వకుళ అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

ఓట్లు సమానమైతే చీటీలు తీయాలని ఆ ఊరి రూలు. ఒక గాజుగిన్నెలో రెండు చీటీలు వేశారు. క్రంప్ హుషారుగా లేచి, "చీటీ ఆ పెసరట్లాయన తీస్తే నాకేమీ అభ్యంతరం లేదు. ఇంతవరకూ నాకు ఆయన చేసినంత సాయం మావాళ్ళెవరూ చేయలేదు" అన్నాడు. కాదనే ఓపిక వకుళకి లేదు.

గవర్రాజు చీటీ తీశాడు, విప్పి చదివాడు. మొహం చాటంత అయింది. చదివిన చీటీ మడిచి నోట్లో వేసుకుని గుటుక్కున మింగేశాడు.

ఎన్నికల ఆఫీసరమ్మ నోరు తెరిచేసింది. "ఎవరి పేరొచ్చింది?"

"రహస్యమండి" అన్నాడు గవర్రాజు.

"బాబాయ్, నా పేరేనా? నాకొక్కదానికి చెప్పండి" అని వకుళ చేతులు పట్టుకుంది.

"మూడో కంటికి తెలియకూడదన్నది నువ్వే కదమ్మా. నీకెలా చెబుతాను?"

ఆఫీసరమ్మ తెలివైంది. "పోనీలెండి, గిన్నెలో మిగిలిన పేరు చూస్తే వచ్చిన పేరు తెలిసిపోతుంది" అని చెయ్యి చాచింది. అన్నయ్య దాచిన రహస్యం బయటపడిపోతుంటే తమ్ముడు చూస్తూ ఊరుకుంటాడా? ఒక్క గంతేశాడు. రెండో మేయరు సూరిబాబు పొట్టలోకి వెళ్ళిపోయాడు.

ఇంకేముంది. ఎన్నిక రద్దు. మూడు నెలల తర్వాత మళ్ళీ పెడతామన్నారు, అందాకా ఊరికి మేయరే లేడన్నారు. క్రంప్ జుట్టు పీక్కున్నాడు. వకుళకి మాత్రం ఏడుపులోంచి నవ్వొచ్చింది.

"పోనీలెండి బాబాయ్. మేయరు సంతకం లేకుండా మీ కొట్టు ఎవరూ పడగొట్టలేరు. మూడు నెలలు హాయిగా ఉండండి. ఒక్కటే గుర్తుపెట్టుకోండి, ఒక్కో ఓటూ మనకి ప్రాణం. ఎవరొచ్చి ఏం అడిగినా కాదనకండి. నవ్వుతూ చేసిపెట్టండి" అంది.

"ఒక్కసారి చెప్పావుగా, చాలమ్మా" అంది తాయారు.

వారం తిరక్కుండా వకుళకి ఫోనొచ్చింది. వెనకాల ఏదో దబదబమని చప్పుడు. గవర్రాజు గొంతు ఆనందంతో వణుకుతోంది.

"అమ్మా వకుళా, ఒక ఓటు ఖాయం చేశాం. క్రంప్ గారి మనిషే, మన వైపు తిరిగిపోయాడు. పొద్దున్నే పెద్ద యంత్రం తోలుకొచ్చి, మేయరు లేడు కాబట్టి కొట్టువాళ్ళ సంతకమైనా చాలన్నాడు. ముగ్గురం నవ్వుతూ పెట్టాం. తాళంచెవులు అడిగితే అవీ ఇచ్చాం. మనిషి ఎంత సంతోషపడ్డాడనుకున్నావు."

వకుళ ఫోను చెవిన పెట్టుకునే చెప్పులు వెతుక్కుంది.

"ఇప్పుడు టీ కావాలంటున్నాడమ్మా. కాదనకూడదు కదా. అదే తోచట్లేదు, పొయ్యి ఉన్న గోడ ఇందాకే పడిపోయింది. నువ్వో ఫ్లాస్కుడు టీ పట్టుకుని తొందరగా వస్తావా? ఓటు చేజారిపోయేలా ఉంది."