గురవన్న కాలూ, మత్తెక్కిన కాపలా

అనగనగా నల్లమల అంచున ఒక ఊళ్ళో తేనె కోసే గురవన్న ఉండేవాడు. కొండ కొస నుంచి తాడు పట్టుకుని దిగి, బండకు వేలాడే పెద్ద తేనెపట్టులు కోసుకొచ్చేవాడు. పైన తాడు పట్టేది బావమరిది అంకన్న. ఆ ఊరి ఆచారం అది. ఎవరు వదిలేసినా అక్క మొగుణ్ణి తమ్ముడు వదలడు కదా!

గురవన్నకి ఒకటే జబ్బు, సిగరెట్టు. చెయ్యి ఖాళీగా ఉంటే చేతిలో ఉండేది, చేతికి పని ఉంటే నోట్లో ఉండేది. "మానవయ్యా" అని చెప్పీ చెప్పీ పెళ్ళాం ఈరమ్మ నోరు పడిపోయింది. ఊఁ కొట్టు బంగారం, అప్పుడే కళ్ళు మూసుకోకు.

తొలకరికి ఊరందరికీ జలుబు చేసింది. అందరికీ తగ్గింది, గురవన్నకి తగ్గలేదు. ఖళ్ళు ఖళ్ళున దగ్గు. "గాలి మార్పే" అన్నాడు, ఇంకోటి వెలిగించాడు.

ఆ తర్వాత చిగుళ్ళు వాచాయి. గంజి తప్ప ముద్ద దిగలేదు.

"వేడి చేసిందే" అన్నాడు.

"చెయ్యదూ మరి! నోట్లో పొయ్యి పెట్టుకుని తిరుగుతుంటే!" అంది ఈరమ్మ.

అప్పుడు మూడోది వచ్చింది. అడవిలో బావకీ బావమరిదికీ ఒకే పొదలో ముళ్ళు గుచ్చుకున్నాయి. అంకన్నది ఇట్టే మానింది. గురవన్నది చీము పట్టింది, పాదం బూరెలా ఉబ్బింది. ఈరమ్మ పసుపు పెట్టింది, పసరు పోసింది. లాభం లేక పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

"ఒంట్లో రోగాన్ని తరిమే కాపలా ఉంటుంది. నీ పొగ దాన్ని పాడుచేసింది" అంది డాక్టరమ్మ. "మందులిస్తాను. సిగరెట్టు మానకపోతే మాత్రం పుండు మానడం కష్టం. పైకి పాకితే కాలు తీసెయ్యాల్సి వస్తుంది."

కాలు పోతే కొండ దిగేదెట్లా? గురవన్న ఏం చేశాడో తెలుసా? ఆసుపత్రి గేటు దాటగానే జేబు తడుముకున్నాడు!

ఈరమ్మకి ఒళ్ళు మండింది. రోడ్డు మీదే నిలబెట్టి అడిగింది.

"ఏమయ్యా, పట్టు కోసే ముందు ఏం చేస్తావు?"

"పొగ పెడతాను."

"దేనికి?"

"కాపలా ఈగల్ని ఏమార్చడానికి. పొగలో వాటికి వాసన అందదు, దొంగ ఎటునుంచి వచ్చాడో తెలీదు. కొన్ని మత్తుగా పడుంటాయి, కొన్ని గాభరాపడి ఎటుబడితే అటు తిరుగుతాయి."

"మరి నీ ఒంట్లో కాపలాకి పొద్దస్తమానం పొగ పెడుతున్నావే! ముల్లు వెంట దొంగ దూరితే లేచేదెవరు? లేచినవాళ్ళకి కళ్ళు కనపడక నీ మంచి కండనే కొరుకుతుంటే పుండు మానేదెట్లా? ఈగలకైనా నువ్వు పోయాక నాలుగు గడియలు మంచి గాలి ఆడుతుంది. వీళ్ళకి అదీ లేదు!"

గురవన్న జేబులోంచి చెయ్యి తీశాడు. అయితే ఇంటికొచ్చాక మళ్ళీ అగ్గిపెట్టె తీశాడు. అంకన్న అది చూశాడు.

"బావా, ఇంక నీకు తాడు పట్టను" అన్నాడు. "మా అక్క కోసం పైన నేను బిగించి పట్టుకుంటాను, కింద నువ్వేమో నిన్ను నువ్వే వదిలేసుకుంటావు. నా వల్ల కాదు."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. గురవన్న సిగరెట్టు పెట్టె తీసి పొయ్యిలో పడేశాడు. ఆ తర్వాత రోజులు నన్నడక్కు! కూర చప్పగా ఉందని అలిగాడు, కోడి కూసిందని తిట్టాడు. ఒకరోజు పొరుగింటివాడి దగ్గర అడుక్కోబోతే ఈరమ్మ చెవి పట్టుకుని లాక్కొచ్చింది. అయినా వెలిగించలేదు. అదీ గొప్పే.

మందు మింగుతూ వచ్చాడు. మెల్లగా చీము తగ్గింది, వాపు దిగింది, పుండు అంచున లేత ఎర్రటి కండ పుట్టింది. మత్తు దిగి కాపలావాళ్ళు ఒక్కొక్కరే లేచారు. అందరూ లేవలేదు నాన్నా. ఇన్నేళ్ళ పొగ ఊరికే పోతుందా? వానాకాలం వస్తే ఇప్పటికీ దగ్గుతాడు.

కాలు మాత్రం దక్కింది. గురవన్న వాకిట్లో రెండు కాళ్ళ మీదా నిలబడి, మీసం దువ్వి, "చూశావుటే, మన ఒళ్ళు అసలే గట్టిది, అందుకే మానింది!" అన్నాడు.

ఈరమ్మ తల కొట్టుకుంది. ఏదో అనబోయింది. ఆ రెండు కాళ్ళ వంకా చూసి, నోరు మూసుకుని లోపలికి పోయింది.

కథ కంచికి పోయె, పొగ గాలికి పోయె, మా బంగారం నిదరమ్మ ఇంటికి పోయె.