తవ్వొద్దన్న చోట

కొండవాలు మీద ఇప్పచెట్ల అడవి, దిగువన గడ్డికప్పుల పల్లె. రెంటి నడుమ, ఏటి నుంచి రాతిగుట్ట దాకా ఎండుటాకులు! ఎన్నంటారా? ఏనుగు దిగబడితే తొండం కూడా కనబడనన్ని!

ఆ రోజు పల్లెంతా సంతకెళ్లింది. పోతూ పోతూ ఒకాయన, ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా ఉంటుందని చెట్టుకింద ఆకులు తగలబెట్టి, ఆరిందనుకుని నడిచాడు. ఆరలేదు. గాలి పల్లెవైపు తిరిగింది. మంట లేచింది చూడండీ, సూర్యుడికే చెమటలు పట్టాయి!

మేక చుక్కమ్మ పిల్లలు రెండూ పాకలో కట్టేసి ఉన్నాయి. చుక్కమ్మ ఒక్క గెంతులో మూడు వాగులు దాటి, మందతో బురదలో పొర్లుతున్న అడవిపంది బొర్రయ్య ముందు వాలింది.

“మామా! ఆ ఆకులన్నీ మూతులతో పెళ్లగించండి. మట్టి తేలితే మంట ఆగిపోతుంది!”

“ఓహో! వేరుశనగ చేలో కాలు పెడితే కుక్కల్ని ఉసిగొలిపే పల్లెకి నేను కూలికి రావాలా? కాలితే పల్లె కాలుతుంది.”

“పక్కనే నీ పిల్లలున్న వెదురుపొదో?”

“అది పచ్చి వెదురే కోడలా! పో, పో.”

పాకలోంచి మేకపిల్లల అరుపు. వీడు బతిమాలితే వినడు. వద్దంటే మాత్రం ఆగడు! చుక్కమ్మ టక్కున గొంతు మార్చింది.

“సరేలే. కానీ ఏటి నుంచి గుట్ట దాకా ఆ వరస ముట్టుకోకు మామా. అక్కడివి మా పల్లెవాళ్లవి.”

బొర్రయ్య చెవులు నిక్కాయి. “ఏవి? చిలగడదుంపలా?”

“నేనలా అన్నానా? తవ్వొద్దంటే తవ్వొద్దు!”

“నన్నే వద్దంటావే! రండ్రా!”

అబ్బబ్బ, ఏం తవ్వకం! నూరు నాగళ్లు ఒక్కసారి దిగినట్టు! ఎగిరిన మట్టికి మబ్బులు మాసిపోయాయి. మంట బుసకొడుతూ రానే వచ్చింది. ఎదురుగా వట్టి మట్టి. కుడికి పాకితే ఏరు, ఎడమకు పాకితే రాయి. తినడానికి ఆకు లేక అక్కడే చచ్చింది.

“దుంపలేవే?” బొర్రయ్య రొప్పాడు, మూతి నిండా మట్టితో.

“లేవు మామా.”

“మోసం!”

“వెనక్కి చూడు.”

పొదలో పిల్లలు కీచుకీచుమంటున్నాయి. వాటి తలల మీద పచ్చి వెదురాకులు ఒట్టి సెగకే మాడి ముడుచుకున్నాయి. బొర్రయ్య ఉరికి వెళ్లి పిల్లల్ని మూతితో తడిమాడు.

మరుసటేడు ఆకు రాలగానే పాక ముందు గురగుర.

“ఏమే కోడలా, ఈసారి తవ్వొద్దని చెప్పవా?”

మంట ఇది ఎవరిదని అడగదు. ఆకు ఉందా అనే అడుగుతుంది.