నక్క వేసిన టముకు

గోదావరి మధ్యలో ఒక లంక. అక్కడ మనుషులుండరు. గేదెలు, మేకలు, కుందేళ్ళు, కోళ్ళు కాపురం ఉంటాయి. వాటికో పంచాయతీ ఉంది, పంచాయతీ అన్నాక ప్రెసిడెంటూ ఉంటాడు. ఆ ప్రెసిడెంటు జంబయ్య అనే నక్క. కోళ్ళున్న చోట నక్కని ఎలా ఎన్నుకున్నారని నన్నడక్కండి. మాట తియ్యగా ఉంటే ఓటేసేవాళ్ళు లంకలోనే కాదు, గట్టుకి ఇవతలా ఉన్నారు.

పర్లమ్మ అనే కోడిపెట్టకి మాత్రం అతనంటే గిట్టదు. కిందటేడు వరదొచ్చినప్పుడు జంబయ్య ఎవరికీ చెప్పకుండా తన మానాన తను మెరక దిబ్బెక్కి కూర్చున్నాడు. నీళ్ళు కాళ్ళ కిందికి వచ్చాక మిగతావాళ్ళు తలో దిక్కూ పరిగెత్తారు. ఆ గందరగోళంలో పర్లమ్మ పిల్లలన్నీ ఏట్లో కొట్టుకుపోయాయి. ఈ ఏడు మళ్ళీ పొదిగింది. పిల్లలు రెక్కల కింద మెదులుతుంటే సంతోషం కంటే ముందు కోపం వచ్చేది ఆమెకి. ఈసారి ఒక్క పిల్లని కూడా ఏటికి ఇచ్చేది లేదని గట్టిగా అనుకుంది.

పంచాయతీ సభలో లేచి నిలబడి, వరద రాకముందే ఏర్పాట్లు చూడమని అడిగింది. దానికి కమిటీ ఉందన్నాడు జంబయ్య. కమిటీలో ఎవరున్నారంటే తనూ, తన మేనల్లుళ్ళూ అన్నాడు. ఏం చేశారంటే, సమావేశమయ్యామన్నాడు.

“అయితే మా సంగతి మేమే చూసుకుంటామండి,” అంది పర్లమ్మ.

“అలా కుదరదమ్మా. వరదొస్తోందని టముకు వేసే హక్కు ప్రెసిడెంటుది. ముందే హడావిడి చేసి అందరినీ బెదరగొడితే ఊరుకోను.”

“ఊరుకోకండి. మేమూ ఊరుకోం.”

సభలో సగంమంది తలలు దించుకున్నారు. మిగతా సగం ఆమె వైపు చూశారు. ఆ చూపులే చాలనుకుని పర్లమ్మ తిన్నగా కాటమ్మ అనే గేదె దగ్గరికి నడిచింది.

“వదినా, నీళ్ళంటే నీకు ఆట, నాకు చావు. మావాళ్ళకి మీ వీపుల మీద చోటివ్వండి.”

కాటమ్మ నెమరు ఆపి ఆలోచించింది. గేదె ఆలోచనకి కాస్త సమయం పడుతుంది గానీ, ఒకసారి సరేనందంటే ఇక తిరుగులేదు.

మర్నాటి నుంచే రిహార్సళ్ళు మొదలయ్యాయి. టముకు వినబడగానే ఎవరికి చెప్పిన గేదె దగ్గరికి వాళ్ళు చేరాలి. కోళ్ళూ కుందేళ్ళూ వీపుల మీద, మేకలు మధ్యలో, గేదెలు రెండు పక్కలా. అందరూ వచ్చాకే వరస దిబ్బకి కదలాలి, ఒంటరిగా ఎవరూ అడుగు వెయ్యకూడదు. మొదటిరోజు చూడాలి ఆ తమాషా. కుందేళ్ళు జారిపడ్డాయి, ఒక మేకపోతుకి దారిలో రేగుకంప కనబడగానే వరద సంగతే గుర్తులేదు. పర్లమ్మ అందరినీ చెడామడా తిట్టి మళ్ళీ మొదలుపెట్టించింది. పడ్డవాళ్ళు లేచారు, మళ్ళీ ఎక్కారు, కొన్నాళ్ళకి పడ్డం మానేశారు.

చుక్క నీరు లేకుండా గేదెలెక్కి ఊరేగుతున్నారట అని జంబయ్య తెగ నవ్వుకున్నాడు. వచ్చి చూసిన పాపాన మాత్రం పోలేదు. నవ్వుతుండగానే అతనికో ఉపాయం తట్టింది. భయపడ్డ కోళ్ళు దిబ్బకే పరిగెడతాయి, దిబ్బదారి రెల్లుదుబ్బుల మధ్య నుంచే పోతుంది. మరి టముకు తన చేతిలోనే ఉందాయె.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం మేనల్లుళ్ళని రెల్లులో దాచి, తను దిబ్బ మీద నుంచి టముకు వేశాడు. ఏరు పొంగిందనీ, ఎవరి కోసం ఎవరూ ఆగొద్దనీ, ఎవరి ప్రాణం వాళ్ళు దక్కించుకుని దిబ్బకి పరిగెత్తమనీ గొంతు చించుకున్నాడు.

అది వినగానే పర్లమ్మ కాళ్ళు వాటంతటవే దిబ్బ వైపు తిరిగాయి. కిందటేడూ ఇలాగే పరిగెత్తింది, వెనక్కి చూసేసరికి ఒక్క పిల్లా లేదు. ఇప్పుడు ఆగి వెనక్కి చూసింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలన్నీ కాటమ్మ వీపెక్కి బుద్ధిగా కూర్చుని తల్లి కోసం చూస్తున్నాయి. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఎగిరి వాటి పక్కన వాలి, కుందేళ్ళు వచ్చాయా, మేకలన్నీ చేరాయా అని కేకేసి చూసుకుని, అప్పుడు నడవమంది.

రెల్లులో అలికిడి వినగానే మేనల్లుళ్ళు లొట్టలేసుకుంటూ బయటికి దూకారు. ఎదురుగా కోళ్ళు లేవు, కొమ్ములున్నాయి. ముందుకి పోతే కొమ్ములు, పక్కకి పోతే గిట్టలు. కాసేపట్లో నక్కలన్నీ కుంటుకుంటూ ఏట్లో పడి అవతలి గట్టుకి ఈదుకుపోయాయి.

వరస దిబ్బ చేరింది. చుట్టూ చూస్తే ఏరు ఉన్నచోటే ఉంది. గేదెలు తన చుట్టూ మూగడం చూసి జంబయ్య పళ్ళికిలించాడు.

“పరీక్ష పెట్టానమ్మా. మీరెంత సిద్ధంగా ఉన్నారో చూద్దామని. భేష్, బాగా చేశారు.”

“మీ దయ,” అంది పర్లమ్మ, పిల్లలతో కాటమ్మ వీపు దిగుతూ. “మేమందరం చేశాం. మీరే ఒక్కసారీ చెయ్యలేదు. ఎక్కండి.”

“నేనెందుకమ్మా, నాకు ఈతొచ్చు.”

“ఎక్కండి ప్రెసిడెంటుగారూ. లంకలో అందరికీ ఒకటే పద్ధతి.”

చుట్టూ కొమ్ములే కనబడుతుంటే ఏం చేస్తాడు, ఎక్కాడు. కాటమ్మ నింపాదిగా ఏట్లోకి దిగి, నడిమధ్యకి వెళ్ళి, ఏ గేదైనా చేసే పనే చేసింది, హాయిగా మునిగింది. ఎక్కడ పట్టుకోవాలో, ఎలా పట్టుకోవాలో నేర్చుకోని జంబయ్య నీళ్ళు మింగుతూ, తోక నానబెట్టుకుంటూ అవతలి గట్టున తేలాడు. అక్కడి నుంచే మిమ్మల్నందర్నీ పంచాయతీలోంచి తీసేస్తానని అరిచాడు.

పర్లమ్మ ఆ అరుపు పట్టించుకోలేదు. రెల్లు దగ్గర కుందేళ్ళు బెదిరాయనీ, నిజం వరదైతే అక్కడే దెబ్బతినేవాళ్ళమనీ చెప్పి, అందర్నీ వెనక్కి తిప్పి మళ్ళీ మొదటినుంచి నడిపించింది.

నీతి: ముందే కలిసి నడక నేర్చుకున్నవాళ్ళని ఏ భయమూ విడగొట్టలేదు.