కందిన చేయి

అనగనగా ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాలకు అవతల ధూమకేశుడనే మాంత్రికుడు. వాడు చంద్రవల్లి అనే రాకుమారిని చెరపట్టాడు. ఆమెను విడిపిస్తానని వెళ్లి పెద్దవాడు రాయైపోయాడు. రెండోవాడూ వెళ్లి రాయైపోయాడు. అప్పుడు మూడోవాడు మణిధరుడు మాటలొచ్చిన ఒక పెద్ద గూడబాతు పక్షి వీపెక్కి బయల్దేరాడు.

కోటలో చూస్తే ఏముంది? ముగ్గురు చంద్రవల్లులు! అదే ముక్కు, అదే జడ, అవే కన్నీళ్లు. ఇద్దరు మైనపు బొమ్మలు, ఒకతే మనిషి. ముగ్గురికీ మాట లేదు.

"అసలు పిల్ల మెడలో దండ వెయ్యి, తీసుకుపో. తప్పావా, మీ అన్నల పక్కన చోటుంది," అన్నాడు మాంత్రికుడు.

"తొందరపడకు నాయనా, రాతిని మోసే ఓపిక నాకు లేదు," అని గొణిగింది గూడబాతు.

మణిధరుడు ఆలోచించాడు. "మా ఇంట నలుగు పెట్టందే పెళ్లికూతురికి దండ వెయ్యరు మామయ్యా! అమ్మ రాలేదు కదా, నేనే పెడతాను. కాస్త సున్నిపిండి తెప్పించండి."

"పెట్టుకో అల్లుడూ!" అని నవ్వాడు మాంత్రికుడు.

మొదటామె చేయి ఎంత రుద్దినా తెల్లగానే ఉంది. రెండో ఆమె చేయి ముట్టుకోగానే మందారంలా ఎర్రబడింది. మూడో ఆమె చేయి మెల్లమెల్లగా, వేళ్లు నడిచినంత మేరే కందింది.

కందడమంటే తెలుసు కదా పిల్లలూ? ఎండలో ఆడితే మీ బుగ్గలు కందుతాయి. చంటిపాపను గట్టిగా రుద్దితే ఒళ్లు కందుతుంది. గుడ్డకు ఎర్రరంగు అద్ది, కందింది అంటామా? అనం. కందాలంటే లోపల నెత్తురు పారాలి.

మణిధరుడు దండ పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. రెండో చేతి ఎరుపు అలాగే ఉంది. మూడో చేతి ఎరుపు మాత్రం, సంధ్యాకాశంలో వెలుగు తగ్గినట్టు, మెల్లగా లోపలికి వెళ్లిపోయింది. ఆహా, ప్రాణమంటే ఇదే కదా అనుకుని, ఆమె మెడలోనే దండ వేశాడు.

"అబ్బ! ఎంత గట్టిగా రుద్దావయ్యా!" అంది చంద్రవల్లి.

మాంత్రికుడి ముఖం కందగడ్డలా అయింది, వాడు పొగై ఎగిరిపోయాడు. బొమ్మలు కరిగాయి. అన్నలు కళ్లు తెరిచారు.

అందరూ గూడబాతు మీద తిరిగి వస్తుంటే నడిసముద్రం మీద ఎండ కాసింది. అంతదాకా రాయిగా ఉన్న అన్నల బుగ్గలు మెల్లగా కందాయి. మణిధరుడు వాటిని తాకి, వెచ్చగా ఉన్నాయని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇల్లు చేరిన వారానికే పెళ్లి. తల నెరిసేదాకా ఆ దంపతులు ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారు.