ఒంట్లోంచి వచ్చిన ఊ

అనగా అనగా, మీ తాత తాతకు కూడా బొడ్డు కోయకముందు, ఎర్రతిప్ప అని ఒక ఊరు. మేకలు ఎక్కువ, మనుషులు తక్కువ. మనుషులు ఎందుకు తక్కువయ్యారో, అదే కథ. దుప్పటి సరిగ్గా కప్పుకోండి. చిట్టీ, నీ కాళ్ళు నా మీద వేయకే, రాళ్ళలా చల్లగా ఉన్నాయి. ఊ కొడుతున్నారా? ఈ కథకు మరీ కొట్టాలి.

ఆ ఊళ్ళో కంబగిరి అని కథలు చెప్పేవాడు ఉండేవాడు. ఒక ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, అరుగు మీద కూర్చుని కథ ఎత్తుకున్నాడు. ఊరంతా చుట్టూ చేరింది. అందరూ సంగటి ముద్దలు మింగి వచ్చినవాళ్ళే. ఒకడికి కునుకు పట్టింది, ఊ మానేశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు. చివరికి ఒక్క ఊ కూడా లేదు. కంబగిరి అటు చూశాడు, ఇటు చూశాడు. మాట గొంతులో ఉండగానే ఛాతీ పట్టుకుని ఒరిగిపోయాడు. లేచినవాళ్ళు ఈయనా నిద్రపోయాడనుకుని ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు. పొద్దు వాలాక ఎవరో ముట్టుకుని చూస్తే ఒళ్ళు మంచు.

అట్లా పోయినవాడు ఊరుకుంటాడా? దయ్యమయ్యాడు. మిట్టమధ్యాహ్నం వచ్చేవాడు. ఎవరో ఒకరి ముందు కూర్చుని ఒకటే మాట చెప్పేవాడు.

"కథ చెబుతా. లేవకూడదు. నీ ఒంట్లోంచి ఊ వస్తూ ఉండాలి. ఊ ఆగిందా, నువ్వు నా వెంట వస్తావు."

కుండలు చేసే పోలయ్య ఒక పూట ఊ కొట్టాడు, పోయాడు. గానుగ సిద్దమ్మ ఒక పగలంతా కొట్టింది, పోయింది. రాతిగుండు ఎత్తే వస్తాదు పెద్దన్న రెండు పగళ్ళు, రెండు రాత్రులు కొట్టాడు. మూడో పగలు తుమ్ము వచ్చింది. తుమ్ముతూ ఊ అనలేం కదా. పోయాడు. నవ్వకండి, వాడికి ఇద్దరు పిల్లలు. పారిపోదామనుకున్నవాళ్ళను దయ్యం పొలిమేర దాటకముందే పట్టింది. అట్లా పన్నెండు మంది పోయారు. పన్నెండు ఇళ్ళ ముందు ముగ్గు లేదు.

ఇక ఆ ఊళ్ళోనే ఓబులమ్మ ఉండేది. మేకలు పెంచే ఇల్లు. ఆమె కోడలు సుంకులు, సంతలో మాంసం కోసే ఇంటి పిల్ల. కొడుకు ఇష్టపడి చేసుకున్నాడు, ఓబులమ్మకు మింగుడు పడలేదు. పొద్దున లేస్తే అదే మాట.

"మావి పెంచే చేతులు, మీవి కోసే చేతులు. నువ్వు పిలిస్తే నా మేకలు బెదురుతున్నాయే!"

"అవును అత్తమ్మా, నన్ను చూసి నీ మేకలూ బెదురుతాయి, నిన్ను చూసి నేనూ బెదురుతా," అనేది సుంకులు. నోరు లేని పిల్ల కాదు.

సాయంత్రం అత్త కాళ్ళు పిసకడం కోడలి పని. అక్కడ రోజూ గొడవే. ఆ ఊళ్ళో కోడళ్ళందరూ మోకాలి నుంచి కిందికి పిసికి, పాదం దగ్గర ఆపి, దణ్ణం పెట్టి లేస్తారు. అది మర్యాద. సుంకులు మాత్రం పాదం నుంచి పైకి పిసికేది. "నీ కాళ్ళు పిసకడం కూడా తలకిందులే! పాదం పట్టి మొదలుపెట్టి మోకాలి దగ్గర వదిలేస్తావేం, నేను నీ తోటికోడలినా?" అని ఓబులమ్మ కాలు లాగేసుకునేది. సుంకులు మర్నాడు మళ్ళీ పైకే పిసికేది.

ఎందుకో చెబుతా. చిన్నప్పుడు వాళ్ళ నాన్న మేక కాలు కోసినప్పుడు, నల్లనెత్తురు పారే గొట్టాన్ని వేలితో నొక్కి చూపించాడు. గుండె వైపు నెడితే నెత్తురు జారిపోయింది. గిట్ట వైపు నెడితే కదల్లేదు. లోపల చిన్న చిన్న తలుపులు ఉన్నాయి బిడ్డా, పైకే తెరుచుకుంటాయి అన్నాడు. గుండె కోసినా అంతే. పై గదిలో నీళ్ళు పోస్తే కింది గదిలోకి దిగుతాయి. కింది గది పిసికితే పెద్ద గొట్టం వెంట చిమ్ముతాయి గానీ పై గదిలోకి తిరిగి రావు. ఎన్ని గుండెలు కడిగిందో సుంకులు చేతులతో. అందుకే ఆ పిల్లకు తెలుసు.

ఊ కొడుతున్నారా? నాగూ, నువ్వు ఊ కొట్టావా, ఆవలించావా?

సరే. ఒకనాడు కొడుకు మేకలు తోలుకుని కొండకు పోయాడు. మధ్యాహ్నం దయ్యం వచ్చి అరుగు మీద ఓబులమ్మ ముందు కూర్చుంది. ఓబులమ్మ కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చుని ఉంది. అట్లాగే కూర్చోవలసి వచ్చింది.

దయ్యం కథ ఏమిటంటే, ఒక రాజు కొడుకుకు శాపం. ఎండిపోయిన బావిని ఆకు దొప్పతో నింపితే గానీ శాపం పోదు. వాగు దగ్గరికి పోయాడు, దొప్పెడు నీళ్ళు తెచ్చాడు, బావిలో పోశాడు. ఊ. మళ్ళీ పోయాడు, దొప్పెడు తెచ్చాడు, పోశాడు. ఊ. పోసిన నీళ్ళు నేలలోకి ఇంకిపోయాయి. మళ్ళీ పోయాడు, తెచ్చాడు, పోశాడు. ఊ. ఇంకిపోయాయి. అంతే కథ. దానికి అంతు లేదు. అందుకే పన్నెండు మంది పోయారు.

ఓబులమ్మ మొండిది. ఆ పగలూ రాత్రీ కొట్టింది, మర్నాడూ కొట్టింది. సుంకులు ఆమె నోట్లో నీళ్ళు పోస్తే ఆ గుటక మధ్యలో కూడా ముక్కుతో ఊ అంది. మూడోనాటికి గొంతు పూడిపోయింది. కళ్ళు మూసుకుపోయాయి. పెదవులు ఆడాయి గానీ చప్పుడు లేదు.

దయ్యం చెయ్యి ఎత్తింది.

"ఆగు!" అని అరిచింది సుంకులు. "ఊ ఆగలేదు. నీకు వినబడటం లేదు, అంతే."

"నోరు కదలడం లేదు."

"నోట్లోంచి రావాలని నువ్వు అన్నావా? ఒంట్లోంచి రావాలన్నావు. మాట నీదే. వంగి ఛాతీ దగ్గర చెవి పెట్టు."

దయ్యానికి తిక్క రేగింది, కానీ మాట తనదే. వంగి చెవి పెట్టింది. లోపల ఒకటి అంటోంది, ఊ... ఊ... ఊ... అని. దయ్యం ముఖం మారింది. దాని ఛాతీలో ఆ చప్పుడు ఆగి ఎన్నేళ్ళయిందో.

"ఎవడు వాడు?"

"గుండె. పిడికెడంత ఉంటాడు. నాలుగు గదుల ఇల్లు వాడిది, పైన రెండు, కింద రెండు. నెత్తురు ముందుకు పోగానే వెనక తలుపు ధబ్బున పడుతుంది. నీకు వినబడే ఊ ఆ తలుపుల చప్పుడే."

"ముందుకు అంటే ఎక్కడికి?"

"పెద్ద దారిలోకి. పెద్ద దారి నుంచి చిన్న దారికి, చిన్న దారి నుంచి సన్న దారికి, సన్న దారి నుంచి వెంట్రుక దారికి. అక్కడ ఒంటికి ఊపిరి ఇచ్చి, మసి ఎత్తుకుని, నల్లబడి వెనక్కి తిరుగుతుంది. వెంట్రుక దారి నుంచి సన్న దారికి, సన్న దారి నుంచి చిన్న దారికి, చిన్న దారి నుంచి పెద్ద దారికి, గుండెకు. కుడి గది దాన్ని ఊపిరితిత్తులకు తోలుతుంది. అక్కడ మసి వదిలి, ఎర్రబడి, ఎడమ గదికి వస్తుంది. మళ్ళీ పెద్ద దారి."

"వాడు పడుకునేది ఎప్పుడు?"

"ఊకీ ఊకీ మధ్య."

దయ్యం పళ్ళు నూరింది. బెదిరిస్తే ఆగిపోతాడనుకుంది. చచ్చిన పన్నెండు మంది గొంతులతో ఒకేసారి ఓబులమ్మ చెవిలో ఏడ్చింది. పోలయ్య ఏడ్చాడు, సిద్దమ్మ ఏడ్చింది, పెద్దన్న పిల్లలను పేర్లతో పిలిచి ఏడ్చాడు. ఓబులమ్మ లోపలివాడు భయపడి పరుగెత్తాడు. ఊఊఊఊ అని ఒకటికి రెండు కొట్టాడు. భయపెడితే ఊలు పెరిగాయి! దయ్యం గబగబా నోరు మూసుకుంది.

మళ్ళీ కథ ఎత్తుకుంది. దొప్పెడు తెచ్చాడు. ఊ. దొప్పెడు పోశాడు. ఊ. పొద్దు వాలింది. ఊ సన్నబడింది. దొప్పెడు తెచ్చాడు... ఒక ఊ రాలేదు. దయ్యం చెయ్యి లేచింది. ధబ్! అని రెండింటి బలంతో ఒకటి పడింది. చెయ్యి దిగింది. కానీ ఆ తర్వాతవి ఇంకా సన్నం.

ఎందుకు సన్నబడుతోంది? సుంకులు అత్తను పై నుంచి కింది దాకా చూసింది. అప్పుడు కనబడ్డాయి కాళ్ళు. మూడు రోజులుగా వేలాడిన కాళ్ళు, గుమ్మడికాయల్లా ఉబ్బి, నల్లబడి. పోయిన నెత్తురు తిరిగి రావడం లేదు. పైకి ఎక్కలేక అక్కడే మడుగు కట్టింది. నడిచే మనిషికి పిక్కలే దాన్ని పైకి నెడతాయి. ఈమె కదిలితే కదా? తిరిగి రానిది గుండె ఏం పోస్తుంది?

సుంకులు అరుగు కింద చతికిలబడి అత్త పాదాలను తన భుజాల మీద పెట్టుకుంది. దయ్యం గుర్రుమంది. "లేవలేదుగా, కూర్చునే ఉంది," అంది సుంకులు. పాదం నుంచి పైకి, పాదం నుంచి పైకి, మోకాలి దాకా నెట్టి వదిలి, మళ్ళీ పాదం నుంచి పైకి. దొప్పెడు తెచ్చాడు, పైకి. దొప్పెడు పోశాడు, పైకి. లోపల ఊ కాస్త బలపడింది. ఒక తలుపు ధబ్బుమంది, ఇంకొకటి ధబ్బుమంది. ఆ రాత్రి గడిచింది, తెల్లారింది. సుంకులు వేళ్ళు తిమ్మిరెక్కి ఎవరివో అన్నట్టు అయిపోయాయి. ఆపలేదు. ఆపితే అత్త చస్తుందని తెలుసు. తను ఎంతసేపు ఉండగలదో తెలియదు.

అట్లా పిసుకుతూ పిసుకుతూ, ఒళ్ళు తెలియని అలసటలో, తనలో తాను అనుకున్నట్టు అడిగింది.

"ఆ ఇంకిన నీళ్ళు ఎటు పోతున్నాయి కంబగిరన్నా?"

దయ్యం ఆగింది. చచ్చిన నాటి నుంచి మాట దొరక్క ఆగడం అదే మొదలు.

"తెలియదు," అంది. "ఎవరూ అడగలేదు. అందరూ ఊ అన్నారు, అంతే."

"ఎటు పోతాయి? నేల కింద నుంచి వాగులోకే పోతాయి. ఆ పిల్లవాడు మళ్ళీ ముంచేది ఆ నీళ్ళనే. బావి నిండదన్నా. నిండక్కర్లేదు. నీళ్ళు తిరిగితే చాలు. వాగుకీ బావికీ మధ్య నేలంతా పచ్చబడి ఉంటుంది, వాడు తల ఎత్తి చూసి ఉండడు. ఒకసారి తల ఎత్తి చూశాడు. శాపం పోయింది."

దయ్యం చిన్నగా అడిగింది, "అయితే కథ అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఊ," అంది దయ్యం.

అంతే. అరుగు మీద ఎండ పడి ఉంది, ఎవరూ లేరు.

ఓబులమ్మ బతికింది. పన్నెండు మంది తిరిగి రాలేదు, కథలో అయినా రారు. ఆమె ఎడమ పాదానికి ఆ నలుపు చచ్చేదాకా పోలేదు, కర్ర పట్టుకునే నడిచింది. కొడుకు కొండ దిగి వచ్చి ఊరు బతికిందని ఏడ్చాడు. వారం తర్వాత మొదటిసారి గొంతు వచ్చినప్పుడు ఓబులమ్మ కోడలి వైపు కాలు చాపి ఏమందో తెలుసా?

"కోసే చేతులదానా, పిసుకు. పైకే పిసుకు."

ఆ తర్వాత ఆ ఊళ్ళో కోడళ్ళందరూ పైకే పిసుకుతారు. దణ్ణం కావలసినవాళ్ళు ముందే పెట్టించుకుంటారు. పెద్దన్న పిల్లలిద్దరూ ఓబులమ్మ ఇంట్లోనే పెరిగారు, మేకపాలు తాగి పోట్లగిత్తల్లా తయారయ్యారు. పిల్లలూ, మీరూ గంటల తరబడి కాళ్ళు వేలాడేసుకుని కూర్చోకండి. లేచి నాలుగు అడుగులు వేయండి. లోపలివాడు ఒక్కడే పని చేస్తున్నాడు, కాస్త సాయం పట్టండి.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. ఇలా తే చిట్టీ ఆ కాళ్ళు, పిసుకుతా, వెచ్చబడతాయి. నాగూ... నాగూ? పడుకున్నాడు. పడుకోనీ. వాడి ఊ వాడు కొడుతూనే ఉన్నాడు, ఇదిగో, నా చేతికి తెలుస్తోంది.