పుట్టిన గడ్డ శాసనం

అమెరికావారికీ ఇంగ్లీషువారికీ రెండోసారి జరిగిన యుద్ధం ముగిసి, ఆ కబుర్లు ఓడల మీద మన రేవులకు చేరుతున్న రోజులవి. ఒకానొక సముద్రతీర సంస్థానం రేవుకొండ. దాని ప్రభువు విజయగోపాల భూపతి. తెల్లదొరల నౌకాబలమంటే ఆయనకు ఎక్కడలేని మోజు. వారి పద్ధతి ఒకటి విని, తానూ ఒక శాసనం చేశాడు. రేవుకొండ గడ్డ మీద పుట్టినవాడు ఎక్కడ స్థిరపడినా రేవుకొండవాడే. ఏ ఓడలో కనిపించినా దింపి, సంస్థానం పడవల్లో పనికి పెట్టవలసిందే.

ఆ శాసనం కింద పట్టుబడ్డాడు మైలపల్లి నూకన్న. పుట్టింది రేవుకొండలోనే. కాని చిన్ననాడే పొరుగున ఉన్న సోనకోటకు వలసపోయి, అక్కడే పెళ్లాడి, అక్కడి ఓడను నడిపే సరంగు అయినవాడు. నడిసముద్రంలో ఆ ఓడను ఆపి అతణ్ని కట్టి తెచ్చారు. సోనకోట రాజు భూపతికి స్వయానా మేనమామ. నూకన్నను విడవకపోతే కత్తి దూస్తానని ఆయన కబురు చేశాడు.

ఆస్థానకవి కొమ్మనకు కంటి మీద కునుకు లేదు. మేనమామా మేనల్లుడూ తలపడితే చచ్చేది పడవవాళ్లేనని ఆయన ఎరుగును. ఎదురు చెబితే ప్రభువు వినడు. తన మాటను తానే చెప్పుకోమంటే మాత్రం ఎంతసేపైనా చెబుతాడు.

మర్నాడు సభలో, సంకెళ్లతో నిలబడ్డ నూకన్నను చూసి భూపతి మీసం దువ్వాడు.

“కొమ్మనా! ఆ అమెరికా యుద్ధం సంగతి సభకు వినిపించు. కారణమేమిటి? చివరికి మిగిలిందేమిటి?”

కొమ్మన చేతులు కట్టుకున్నాడు. “మహాప్రభూ! ఇంగ్లీషువారు ఫ్రాన్సుతో పోరాడుతూ అమెరికా వర్తకానికి అడ్డుపడ్డారు. వారి ఓడలు ఆపి, ‘నువ్వు మా గడ్డ మీద పుట్టావు’ అంటూ నావికులను లాక్కుపోయారు. అమెరికావారికీ పక్కనున్న ఇంగ్లీషువారి నేల మీద ఆశ లేకపోలేదు. అన్నీ కలిసి రాజుకున్నాయి. అమెరికా రాజధాని తగలబడింది. తీరా సంధిలో సరిహద్దులు ఎక్కడివక్కడే ఉంచారు.”

“అంటే ఏమీ మిగల్లేదన్నమాట!” భూపతి పకపకా నవ్వాడు.

“మిగిలినదీ మనవి చేస్తాను. ముందు తమ శాసనంలో ఒక సందేహం. తండ్రిది ఏ ఊరో, పెరిగింది ఎక్కడో చూడనక్కర్లేదా?”

“అక్కర్లేదు. తల్లి కడుపులోంచి ఏ నేల మీద పడితే ఆ నేల ఏలేవాడి సొత్తు!”

“గొప్పవాళ్లకు మినహాయింపు?”

“ఎవరికీ లేదు. నాకైనా సరే!”

“ధన్యుణ్ని.” కొమ్మన భటుల వైపు తిరిగాడు. “చూస్తారేమర్రా? సింహాసనం మీద ఉన్న సోనకోట మనిషిని దింపండి. వాళ్ల ఓడలో సరంగు చోటు ఖాళీగా ఉంది.”

సేనాపతి కత్తి మీద చెయ్యి వేశాడు.

“నీ తల తీయించగలను, తెలుసా?” అన్నాడు భూపతి.

“చిత్తం. తీయించే ముందు రాజమాతగారిని అడగండి. తమరిది తొలి కాన్పు కదా, పురుడు ఎక్కడ పోశారో.”

తెర వెనక గాజులు గలగలలాడాయి. “ఎక్కడ పోస్తారు నాయనా? ఆడపిల్లకు తొలి కాన్పు పుట్టింట్లోనే కదా! సోనకోటలో, మా అన్నయ్య ఇంట్లోనే పుట్టావు. నీకు మొదట తేనె నాకించింది ఆయనే.”

కొమ్మన సేనాపతిని చూశాడు. “తమరో?”

సేనాపతి కత్తి మీది చెయ్యి తీసేశాడు. “మా అమ్మమ్మగారి ఊళ్లో… అది నవాబుగారి సీమ.”

“మంత్రిగారూ?”

“నన్నడక్కయ్యా! నేనూ పెద్దకొడుకునే.”

తెర వెనక నవ్వు మొదలైంది. భూపతి పెదవి బిగించి చూశాడు, ఆగలేకపోయాడు. కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వాడు.

“సంకెళ్లు తీయండి! శాసనం రద్దు! ఇది నిలిస్తే నా కొలువులో తమ్ముళ్లు తప్ప ఒక్కడూ మిగలడు!” అని, కన్నీళ్లు తుడుచుకుంటూ, “ఇక చెప్పు కొమ్మనా. ఆ యుద్ధంలో మిగిలిందేమిటి?” అన్నాడు.

“ఆ నేల మీద అనాదిగా ఉన్న జాతులు ఉన్నది పోగొట్టుకున్నాయి ప్రభూ. అది దాచకూడదు. అమెరికా నావికుడికి మాత్రం తాను ఎవరివాడో తానే చెప్పుకునే ధైర్యం దక్కింది. ఇప్పుడు అతణ్ని ఎవరూ లాక్కుపోవడం లేదట.”

భూపతి నూకన్న వైపు తిరిగాడు. “నువ్వు ఎవరివాడివిరా?”

“సోనకోటోణ్ణి బాబూ,” అన్నాడు నూకన్న, తల వంచకుండా.

భూపతి తన భుజం మీది శాలువా తీసి కొమ్మనకు కప్పాడు. “సరంగూ! మీ రాజుగారికి చెప్పు. ఆయన మనిషి ఒకడు ఇక్కడ కిరీటం పెట్టుకు కూర్చున్నాడనీ, మేనమామను చూడ్డానికి వస్తున్నాడనీ.”

“సెప్తాను బాబూ. మరి తమరొచ్చేది ఏ ఓడ మీద?”

“నీ ఓడ మీదేరా! చుక్కాని మాత్రం నాకివ్వకు.”