దిబ్బ ఎక్కని తీర్పు

అనగనగా ఒక అడవిలో, మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు, ఒక తీతువు ఏట్లో పొట్ట ఈకలు తడుపుకుంటోంది. ఎండాకాలంలో తీతువులు అలా తడిసి వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. పిల్లలు ఎగిరిపోయినా ఆమెకు ఆ అలవాటు పోలేదు.

అప్పుడే ముళ్లపంది వణుక్కుంటూ వచ్చింది.

"అక్కా, నాకు జ్వరం. సాయంత్రం నన్ను దిబ్బకు పంపేస్తారట."

ఏటి అవతలి దిబ్బకు వెళ్లిన రోగి తిరిగి రావడం ఎవరూ చూడలేదు. రోగికి ఏకాంతమే మేలని, అక్కడ ఒంటరిగా వదలాలని, ధర్మం చెప్పే పెద్దలు ముగ్గురు ఏనాడో తీర్పిచ్చారు.

"మేలని వాళ్లకెలా తెలుసట? అడిగొస్తా ఉండు," అంది తీతువు.

మొదట ఏనుగు దగ్గరికి వెళ్లింది. "తాతా, తీర్పు చెప్పేముందు రోగుల్ని అడిగారా?"

"అడగడమెందుకే? ధర్మం ఆలోచిస్తే తెలుస్తుంది. నీలా అడవంతా అరిస్తే తెలుస్తుందా?"

తర్వాత ఎలుగుబంటి.

"అడక్కేం! చాలామందినే అడిగాను."

"ఎవరిని మామా?"

"రోగం లేనివాళ్లని. రోగులు ఊరికే మూలుగుతారు, తిన్నగా మాట్లాడరు."

చివరికి గుడ్లగూబను లేపింది. గుడ్లగూబ ఒక కన్ను తెరిచి, గొంతు తగ్గించింది. "అడగాలనే ఉండేదమ్మా. ఎలా అడగాలో మాకెవరూ నేర్పలేదు. అడిగితే తక్కిన ఇద్దరూ నవ్వుతారు."

సాయంత్రం సభలో తీతువు బండ ఎక్కింది. "ముగ్గురినీ అడిగాను. రోగుల్ని అడిగినవాళ్లు గానీ, దిబ్బ ఎక్కి చూసినవాళ్లు గానీ ఒక్కరూ లేరు!"

ఏనుగు తొండం విసిరింది. "అపశకునపు పిట్టా! నోరు మూయకపోతే నిన్నూ దిబ్బకే పంపిస్తా."

"మీరు పంపేదేంటి తాతా, నేనే పోతున్నా. అక్కడ అడిగేవాళ్లు ఒకరైనా ఉండాలిగా!"

గుడ్లగూబ తల దించుకుంది.

ఏనుగు ముళ్లపందిని ఆకుల్లో చుట్టి, కింద నిలబడే తొండంతో దిబ్బ మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

"ఏం కావాలి తమ్ముడూ?" అని అడిగింది తీతువు.

"నీళ్లు."

ఏరు నిటారు గట్టు కింద ఉంది. తీతువు పొట్ట తడుపుకుని పైకెగిరి, ఆ ఈకలు ముళ్లపంది నోటికి అందించింది. రాత్రంతా అదే పని. మర్నాడూ అదే పని.

కొన్నాళ్లకు గుడ్లగూబ పట్టపగలే, కళ్లు చికిలిస్తూ, దిబ్బకు ఎగిరొచ్చింది. ముళ్లపంది లేచి తిరుగుతోంది. పాత రోగుల ఎముకలన్నీ ఏటివైపు అంచునే పడి ఉన్నాయి. వాళ్లను చంపింది జ్వరం కాదు, దాహం.

నీతి: ఎవరి మేలు కోసం తీర్పు చెబుతామో ముందు వాళ్లని అడగాలి, ఎవరు అడగొద్దన్నా అడిగి తీరాలి.